అందరికీ చోటున్న మంచం

చిరంజీవులకు,

సెలవులకు వచ్చినప్పుడు మీరడిగిన మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. కాలనీలోని ఖాళీ జాగాలో కూరగాయలు వేద్దామంటే కార్లు పెట్టుకోవాలంటున్నారు, సైకిళ్లకు దారి వదలమంటే రోడ్డే చాలదంటున్నారు. ఎవరిది న్యాయం, తాతయ్యా అన్నారు.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒకటే నులక మంచం. ఎండాకాలం వాకిట్లో వేస్తే నలుగురు పిల్లలం అడ్డంగా పడుకునేవాళ్లం. మా మామయ్య వచ్చి నిలువునా పడుకుంటే నలుగురం నేల మీదికి దిగేవాళ్లం. రోడ్డూ ఆ మంచం లాంటిదే. ఒక కారు ఆగే చోట పది సైకిళ్లు పడతాయి, ఆ కారులో చాలాసార్లు ఉండేది ఒక్కరే. ఇంకో మాట. నులక అల్లికలో సందులుంటాయి కనుకనే వీపుకు గాలి తగిలేది. ఊరికీ అలా మట్టి కనిపించే సందులుండాలి. అంతా సిమెంటు పరిస్తే వాన నీరు ఎక్కడ ఇంకుతుంది?

కారు కావాలనేవారిని తప్పుపట్టకండి. నా మోకాళ్లు పట్టేసిన రోజు ఆసుపత్రికి చేర్చింది పక్కింటివారి కారే.

నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర గంట లెక్కన సైకిల్ అద్దెకు తెచ్చుకునేవాణ్ణి. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, పానగల్లులో ఉదయ సముద్రం చెరువు కట్ట దాకా తొక్కేవాణ్ణి. చైను మసి నిక్కరుకు అంటితే అమ్మ కుంకుడు రసంతో రుద్దేది. లారీ వస్తే పక్కకు దిగి నిలబడేవాణ్ణి. ఇప్పుడు మీకు దిగడానికి ఆ పక్క కూడా లేదు. నా బాధంతా అదే.

నెదర్లాండ్స్‌లోనూ ఒకప్పుడు కార్లదే రాజ్యం. 1971లో అక్కడి రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వీధుల్లోకి వచ్చి పట్టుబట్టాకే సైకిళ్లకు వేరే దారులు పెరిగాయి. మన హైదరాబాద్‌లోనూ 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు, పైన సౌర పలకల కప్పుతో. సంతోషమే. కానీ నేను కోరేది మీ గుమ్మం నుంచి బడి గేటు దాకా ఒక చిన్న దారి.

పెద్దలు తేల్చేలోగా ఆ జాగాలో ఒక మూల అడిగి నాలుగు బీర గింజలు నాటండి. పాదు పందిరెక్కాక ఒకరోజు పొద్దు వాలే వేళకు సైకిళ్ల మీద వెళ్లండి. పొద్దున విచ్చుకునే పూలే మీకు తెలుసు, బీర పువ్వు మాత్రం సాయంత్రం విచ్చుకుంటుంది. ఎందుకో నేను చెప్పను. కదలకుండా కూర్చుని, మొదట ఏ పురుగు వచ్చి వాలిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య