ఫిజియో నోరు మెదపకపోతే పట్టించుకోనట్టేనా?

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ల చేత ఎక్సర్‌సైజులు చేయించడం నా పని. రెండో వారం దాటేసరికి ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మొదట్లో ప్రతిదీ చెప్పేవారు, ఇప్పుడు ఊరికే చూస్తున్నారేంటి సార్?"

అపోహ: తప్పు చేసిన ప్రతిసారీ ఫిజియో వెంటనే చెప్పాలి.

వాస్తవం: మొదటి రోజుల్లో చెప్పాలి. తర్వాత కావాలనే తగ్గిస్తాం. ఎలా చేశారో ప్రతిసారీ చెబుతుంటే అప్పటికి బాగానే చేస్తారు కానీ, చెప్పడం ఆపగానే పట్టు తప్పుతుందని సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు 1984లోనే రాశారు. పేషెంటుకి తన కాలు చెప్పేది వినడం మానేసి, మా మొహంకేసి చూడటం అలవాటైపోతుంది. ఇంట్లో చూడటానికి మేముండం కదా.

కుర్చీలోంచి లేవడమే తీసుకోండి. ఆపరేషన్ అయిన కాలి మీద బరువు వేయడానికి జంకి, బాగున్న కాలి మీదే లేస్తారు. నొప్పి తగ్గినా చాలామందికి ఆ అలవాటు పోదు. అందుకని రెండు పాదాల కింద రెండు బరువు మిషన్లు పెడతాను. 60 కిలోల మనిషికి ఒకవైపు 38, ఇంకోవైపు 22 చూపించిందనుకోండి. అంకెలు చూస్తూ సర్దుకోవడం ఎవరికైనా తేలికే. నేను వాటి మీద కర్చీఫ్ కప్పేసి, "ఏ కాలి మీద ఎక్కువుందో ముందు మీరు చెప్పండమ్మా" అంటాను. "సమానంగానే ఉంది" అని ఎంత ధీమాగా చెబుతారో! చెప్పాకే కర్చీఫ్ తీస్తాను. రోజులు గడిచేకొద్దీ తీయడం తగ్గిస్తాను.

అపోహ: ఏ కండరం ఎలా బిగించాలో వివరంగా చెప్పేవాడే మంచి ఫిజియో.

వాస్తవం: చాలాసార్లు అది గందరగోళమే. దృష్టి ఒంటి మీద కాకుండా బయటి వస్తువు మీద ఉంటే కదలిక తొందరగా పట్టుబడుతుందని గాబ్రియేలె వుల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం 1998 నుంచి చూపిస్తూ వచ్చింది. "మోకాలు చాపండి" అనేకంటే "పాదంతో ఆ బంతిని తాకండి" అంటే పని జరుగుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో మాత్రం వేరు. వాపు, నొప్పి వల్ల తొడ ముందు కండరానికి నరాల సంకేతం సరిగా అందదు. అప్పుడు మోకాలి చిప్పకి పైన చెయ్యి పెట్టి, "ఇదిగో, ఇక్కడ గట్టిపడాలి" అనే చెబుతాను.

అపోహ: "సూపర్, సూపర్" అంటుంటే చాలు.

వాస్తవం: హుషారొస్తుంది, కానీ ఏది సూపరో తెలియదు. "ఈసారి చేతుల ఊతం లేకుండా లేచారు" అనండి.

అపోహ: ఫీడ్‌బ్యాక్ ఇవ్వాల్సింది ఫిజియోనే.

వాస్తవం: మీరిచ్చేది లేకపోతే నేను గుడ్డిగా చేయిస్తున్నట్టే. నొప్పంటే తిడతారేమోనని కొందరు పళ్లు బిగబట్టి చేస్తారు. పక్కనుంచి కొడుకు "ఇంకా వంచమ్మా" అని అరుస్తుంటాడు, అదొకటి. చేసేటప్పుడు కాస్త నొప్పి మామూలే. మర్నాడు పొద్దుటికి వాపు పెరిగిందంటే ఎక్సర్‌సైజు డోసు ఎక్కువైందని అర్థం. ఆ మాట చెబితే తగ్గిస్తాను. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి వస్తే మాత్రం నా సెషన్ దాకా ఆగొద్దు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయండి. దాంతోపాటు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.