టెలిఫోన్ కంపెనీ నుంచి పుట్టిన విజ్ఞానం

అమెరికా టెలిఫోన్ వ్యాపారంలో గుత్తాధిపత్యం సాగించిన ఏటీ అండ్ టీ సంస్థ 1925లో నెలకొల్పిన పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ గురించి చెప్పేటప్పుడు నోబెల్ బహుమతుల లెక్కే ముందుకు వస్తుంది. అక్కడి గొప్ప ఆవిష్కరణల్లో చాలావాటికి టెలిఫోన్ ఇబ్బందులే మూలమన్న సంగతి నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తుంది.

అట్లాంటిక్ మీదుగా సాగే రేడియో టెలిఫోన్ సంభాషణలకు అడ్డుపడే గరగర ఎక్కడిదో తేల్చే పని కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరుకు అప్పగించారు. న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో, ఫోర్డ్ కారు చక్రాల మీద గుండ్రంగా తిరిగే భారీ యాంటెన్నా కట్టి ఆయన నెలల తరబడి వింటే, ఉరుములతో సంబంధం లేని సన్నని శబ్దమొకటి మిగిలింది. అది నక్షత్రాల లాగే రోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా వస్తూండటంతో దాని మూలం సూర్యుడు కాదని, నక్షత్రాలతోపాటు కదిలేదని తేలింది. అది పాలపుంత నుంచి వస్తోందని 1933లో ప్రకటించడంతో రేడియో ఖగోళశాస్త్రానికి పునాది పడింది.

ట్రాన్సిస్టర్ కథా ఇలాంటిదే. టెలిఫోన్ వ్యవస్థలో సంకేతాలను బలపరచడానికి వాడే వ్యాక్యూమ్ ట్యూబులు వేడెక్కి, తరచూ పాడయ్యేవి. వాటికి ప్రత్యామ్నాయం వెతుకుతూ, 1947 డిసెంబరులో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటైన్ త్రికోణపు ప్లాస్టిక్ ముక్క అంచుకు బంగారు రేకు అంటించి, దాన్ని మొన దగ్గర బ్లేడుతో సన్నగా చీల్చి, ఆ రెండు కొసలూ తాకేలా జెర్మేనియం ముక్క మీద స్ప్రింగుతో అదిమారు. ఒక కొస దగ్గర ఇచ్చిన బలహీనమైన సంకేతం రెండో కొస దగ్గర బలపడి బయటికొచ్చింది.

అయితే ఈ పరికరం లోకమంతటా వ్యాపించడానికి శాస్త్రజ్ఞుల ప్రతిభ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం ఎప్పుడు మీద పడుతుందోనన్న భయం ఉండబట్టే ట్రాన్సిస్టర్ లైసెన్సును 25,000 డాలర్లకు ఇతర కంపెనీలకు అందుబాటులో ఉంచారు. తరువాత సోనీగా పేరు మార్చుకున్న చిన్న జపాన్ సంస్థ ఆ లైసెన్సుతోనే రేడియోలు తయారుచేసింది. ప్రభుత్వం వేసిన దావా 1956లో రాజీతో ముగిసినప్పుడు, అప్పటికున్న పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇతరులకు ఇవ్వాలని, టెలిఫోన్ తప్ప వేరే వ్యాపారం చేయకూడదని సంస్థకు షరతు పడింది.

1969లో అక్కడే పుట్టిన యూనిక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్కెట్లో అమ్ముకునే వీలు లేక విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముకు ఇవ్వడం వెనుకా ఈ షరతే ఉంది. విద్యార్థులు దాని మూల కోడ్‌ను చదివి, మార్చి, మెరుగుపరిచారు. 1984లో సంస్థ ముక్కలై ఆ షరతు తొలగిపోయాక, యూనిక్స్ లైసెన్సు ధరలు పెరుగుతూ వచ్చాయి.