గాలి తీసేసినా జంతికలు ఎందుకు మెత్తబడతాయి?

మా అపార్ట్‌మెంట్లో నెల్లూరు నుంచి వచ్చి సెటిలైన ఆంటీ ఒకావిడ ఉన్నారు, మొన్న లిఫ్ట్ దగ్గర పట్టుకుని "ఏమయ్యా, జిప్ కవర్లో పెట్టి గాలంతా నొక్కి తీసేసి మరీ మూస్తున్నా, అయినా వారం పది రోజులకే జంతికలు మెత్తబడిపోతున్నాయి, ఇదేం చెన్నై, బెంగళూరులో మా అమ్మాయి దగ్గర నెలంతా ఉంటాయి" అన్నారు. ఇంతలో లిఫ్ట్ వచ్చింది కాబట్టి ఆవిడ బతికిపోయారు, లేకపోతే ఇప్పుడు మీకు చెప్పేదంతా అక్కడే నిలబడి వినాల్సొచ్చేది.

అసలు కరకర అంటే ఏంటి? పిండిలో ఉండే స్టార్చ్ నూనెలో వేగి, నీళ్లు ఆవిరైపోయాక గాజు స్థితిలోకి వెళ్తుంది. ఇది పోలిక కాదు, శాస్త్రవేత్తలు నిజంగానే దాన్ని గ్లాస్ అంటారు, అంటే అణువులు వరసగా పేర్చుకోకుండా ఎక్కడివక్కడ బిగుసుకుపోయిన పదార్థం. అందుకే కొరికితే వంగదు, పటుక్కుమని పగులుతుంది, ఆ పగుళ్ల చప్పుడే మన కరకర. గాజులాంటి పదార్థాలు ఒక ఉష్ణోగ్రత దాటితే రబ్బరులా అవుతాయి, దాన్ని గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు, బాగా ఎండిన స్టార్చ్‌కి అది 100 డిగ్రీలకి చాలా పైనే ఉంటుంది. నీళ్లు స్టార్చ్ గొలుసుల మధ్య దూరేకొద్దీ అవి కదలడం మొదలెడతాయి, ఆ ఉష్ణోగ్రత కిందకి దిగుతూ వస్తుంది, అది మన గది వేడిమి దాకా దిగక ముందే కరకర పోతుంది. రెండు మూడు శాతం తేమతో మూకుట్లోంచి దిగిన జంతిక ఆరు శాతం దగ్గరికి వచ్చిందంటే ఇక సాగుడే.

ఇప్పుడు లెక్క. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, విసుగొస్తే ఓ పేరా దాటేయండి.

పావుకిలో జంతికలు 3 శాతం తేమ పీల్చాలంటే ఏడున్నర గ్రాముల నీళ్లు కావాలి, అంటే ఒకటిన్నర టీస్పూన్లు. అవి ఎక్కడినుంచి వస్తాయి? 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరి పడుతుంది. చెన్నైలో హ్యుమిడిటీ 80 శాతం ఉన్న రోజున అందులో 24 గ్రాములు ఉంటుంది. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు, కాబట్టి లీటరు గాలికి 24 మిల్లీగ్రాములు. మీ డబ్బాలో రెండు లీటర్ల ఖాళీ ఉందనుకోండి, మూత తీసినప్పుడల్లా పాత గాలి మొత్తం పోయి కొత్తది నిండిందనే అనుకోండి, అప్పుడు కూడా లోపలికొచ్చేది 48 మిల్లీగ్రాములు. అది ఒక నీటి చుక్క బరువు! ఆ లెక్కన జంతికలు మెత్తబడాలంటే 150 సార్లు పైగా మూత తీయాలి, మనింట్లో పిల్లలు ఎంత తిండిపోతులైనా అన్నిసార్లు తీసేలోపు జంతికలే అయిపోతాయి.

కాబట్టి కవర్లో మిగిలిపోయిన గాలి దోషి కాదు. ఆంటీ అంత కష్టపడి నొక్కి బయటికి పంపింది లీటరు గాలి అనుకున్నా, అందులో ఉన్న తేమ అర చుక్క.

మరి దోషి ఎవరు? సందు. జిప్‌లో ఏముంటుంది, ఒకవైపు చిన్న గట్టు, రెండోవైపు దానికి సరిపడే గాడి, నొక్కితే గట్టు వెళ్లి గాడిలో ఇరుక్కుంటుంది. 1968లో డౌ కెమికల్ వాళ్లు అమెరికాలో జిప్‌లాక్‌ని ట్రయల్‌గా మార్కెట్లో వదిలినప్పటి నుంచీ సూత్రం ఇదే. ఆ గాడిలో జంతికల నలుసో, రవ్వో, కారప్పొడో చేరితే గట్టు కూర్చోదు, పైకి మూసుకున్నట్టే కనిపిస్తుంది. ఓ మూడు సెంటీమీటర్ల మేర ఒక మిల్లీమీటరు ఖాళీ ఉండిపోయిందనుకుందాం. గాలి వీచక్కర్లేదు, ఎవరూ కవర్ తెరవక్కర్లేదు, ఆవిరి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి దానంతటదే పాకుతుంది, దీన్నే డిఫ్యూజన్ అంటారు. దాని ఫార్ములాలో వేసి చూస్తే ఆ సందులోంచి రోజుకి దాదాపు 400 మిల్లీగ్రాములు వెళ్తుంది. అంటే లీటరు గాలి పట్టే కవర్ని రోజుకి పదహారు సార్లు పూర్తిగా తెరిచి మూసినంత. చెంబుడు నీళ్లు ఒలికాయని గోల చేసి రాత్రంతా కారే కుళాయిని వదిలేసినట్టుంది మన పద్ధతి.

కుళాయి ఇంకోటి కూడా ఉంది, అది కవరే. పల్చటి పాలిథీన్ గుండా ఆవిరి నెమ్మదిగా దూరుతుంది, మనలాంటి వాతావరణంలో చదరపు మీటరుకి రోజుకి కొన్ని గ్రాములు. మన కవర్ రెండు వైపులా కలిపి చదరపు మీటరులో పదో వంతుంటుంది కాబట్టి ఇదీ జిప్ సందుకి పెద్దగా తీసిపోదు. చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా పాలిథీన్‌తో పోలిస్తే ఆవిరిని చాలా బాగా ఆపుతుంది. అలాంటి మెరిసే ప్యాకెట్ కత్తిరించి లోపలిది తీసి అందమైన జిప్ కవర్లోకి మార్చడమంటే మంచి గొడుగు పారేసి పల్చటి తువ్వాలు కప్పుకున్నట్టే... సరే, పోలికలు ఆపుతా. ఆ ప్యాకెట్‌నే గట్టిగా రెండు మూడు మడతలు పెట్టి క్లిప్ కొట్టి డబ్బాలో పడేయండి, అంతే.

బెంగళూరు సంగతి. అక్కడ 22 డిగ్రీల రోజున హ్యుమిడిటీ అదే 80 శాతం ఉన్నా లీటరు గాలిలో ఉండేది 16 మిల్లీగ్రాముల లోపే. చివరికి ఎంత మెత్తబడాలన్నది హ్యుమిడిటీ శాతం నిర్ణయిస్తుంది, ఎంత తొందరగా అన్నది గాలిలో అసలు ఎంత ఆవిరి ఉందన్నది నిర్ణయిస్తుంది. దానికి తోడు ఎండాకాలం మధ్యాహ్నాలు అక్కడ గాలి బాగా పొడిగా ఉంటుంది. అందుకే వాళ్లవి ఎక్కువ రోజులు ఆగుతాయి, నెలంతా అన్నది మాత్రం కొంత కూతురి మీద ప్రేమ అనుకుంటా.

ఈ హ్యుమిడిటీ గురించి స్కూల్లో తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లంటూ బొమ్మ గీయించి మార్కులేశారు తప్ప ఒక్క మాస్టారు కూడా ఉప్పు డబ్బా చూపించలేదు. శుద్ధమైన ఉప్పు దాదాపు 75 శాతం హ్యుమిడిటీ దాటితే చెమర్చడం మొదలెడుతుంది, కల్లుప్పులో మిగిలిపోయే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతమే చాలు. వంటింట్లో ఉప్పు చెమర్చిందంటే పైసా ఖర్చులేని హ్యుమిడిటీ మీటర్ దొరికినట్టే.

తడి చెయ్యి పెట్టకూడదన్న పెద్దవాళ్ల రూలు నూటికి నూరుపాళ్లు కరెక్ట్, చెంచాకి అంటిన ఒక్క చుక్క రెండు లీటర్ల గాలిలోని తేమతో సమానమని పైన లెక్కేశాం కదా. అదే నోటితో బహిష్టులో ఉన్న ఆడవాళ్లు ఊరగాయ జాడీ ముట్టుకుంటే పాడైపోతుందంటారు చూడండి, దానికి ఏ లెక్కా లేదు. ఒట్టి మూఢనమ్మకం, ఇంకా ఇళ్లలో నడుస్తోంది.

కొంతమంది చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం తెచ్చి డబ్బాలో వేస్తారు. తిండికోసం చేసినవి కాకపోతే వద్దు. పైగా గ్రాము జెల్ మహా అయితే తన బరువులో మూడో వంతు పీలుస్తుంది, రోజుకి 400 మిల్లీగ్రాములు కారే కవర్లో అది ఒక పూట కాపలా. పైగా చెప్పులతో ఊరంతా తిరిగొచ్చిన పొట్లం ఈపాటికే నిండిపోయి ఉంటుంది.

గాలి నొక్కి తీయడం అసలు దండగేనా? కాదు, అది ఆక్సిజన్ కోసం. లీటరు గాలిలో ఆవిరి 24 మిల్లీగ్రాములైతే ఆక్సిజన్ 270 దాకా ఉంటుంది. వేరుశనగలు, కొబ్బరి పొడి, నూనెలో వేగినవి పాత నూనె కంపు కొట్టేది దానివల్లే, చిప్స్ ప్యాకెట్లో నైట్రోజన్ నింపేదీ అందుకే. పాలిథీన్ ఆవిరిని కాస్తో కూస్తో ఆపుతుంది గానీ ఆక్సిజన్‌నీ వాసననీ సరిగ్గా ఆపలేదు. కాఫీ పొడి జిప్ కవర్లో పెట్టి అల్మరా తెరవగానే ఘుమఘుమలాడితే సంతోషించకండి, ఆ ఘుమఘుమ గ్లాసులోకి రావాల్సింది.

ఆంటీకి చెప్పింది మాత్రం చిన్నదే. జంతికలు పూర్తిగా చల్లారాక పెట్టండి, జిప్ గాడిని పొడిబట్టతో తుడిచి ఆ చివర నుంచి ఈ చివర దాకా వేలితో రెండుసార్లు నొక్కండి, రెండు మూలలూ ముఖ్యం, ఆ కవర్ని బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి. మెత్తబడ్డవి పారేయొద్దు, ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర ఓ పది నిమిషాలుంచి తీయండి, వేడి మీద కొరికి ఇంకా మెత్తగానే ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాక చూడండి. నూనె కంపు వచ్చినవి మాత్రం ఎంత వేడి చేసినా బాగుపడవు.