ఇసుక ఎంత మందం, నీరు ఎంత దూరం

విశాఖ మద్దిలపాలెం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెడదామనుకుంటున్నానండి. సముద్రం పక్కనే ఉంది కదా, ఆర్కే బీచ్ ఇసుక, రుషికొండ రాళ్లు తెచ్చి వేసుకోవచ్చా?"

వద్దండి. సముద్రం మురికిగా ఉందని కాదు, ఆ ఇసుక పుట్టుకే వేరు. తూర్పు కనుమల్లోని ఖోండలైటు, చార్నోకైటు రాళ్లు అరిగి, నదుల్లో గెడ్డల్లో కొట్టుకొచ్చి చేరిన ఇసుక మనది. అందులో ఎక్కువ భాగం క్వార్ట్జ్, దాంతోపాటు గార్నెట్, ఇల్మనైట్, సిల్లిమనైట్, కొద్దిగా మోనజైట్. భీమిలి వైపు అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నలుపు, ఊదా రంగు చారలు కనిపిస్తాయి చూడండి, అవి ఇల్మనైట్, గార్నెట్లే. నాకు ఆ చారలంటే ప్రాణం, కానీ వాటి చోటు ట్యాంకు కాదు. మోస్ కాఠిన్య స్కేలు మీద గాజు 5.5 దగ్గర ఉంటే క్వార్ట్జ్ 7, గార్నెట్ 6.5 నుంచి 7.5. గాజు తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్ కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా గాజు మీద శాశ్వతంగా గీత పడుతుంది, పైగా మన ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే రేణువులు కూడా ఉన్నాయి. పగడపు సముద్రాల తెల్ల ఇసుక ఆరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. దాని కాఠిన్యం 3.5 నుంచి 4 మాత్రమే, గాజును గీయలేదు. కొన్న ఇసుక అసలుదో కాదో తేల్చుకోవాలంటే కొంచెం వెనిగర్ పోయండి, ఆరగొనైట్ అయితే బుసబుసా పొంగుతుంది.

ఇంకో సంగతి. ఔటర్ హార్బర్ దగ్గర ఆగిపోయే ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్‌లో పోయడం ఏళ్లుగా జరుగుతోంది, కాబట్టి అక్కడి ఇసుకలో హార్బరు అడుగు కూడా కలిసి ఉంటుంది. తీరంలో ఇసుక తవ్వుకోవడాన్ని కోస్తా నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో వచ్చిన "అసలైన పగడపు రాయి" అని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. రీఫ్ కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సిమెంటు, ఆరగొనైట్ కలిపి చేసిన రాయి చాలు. దాన్ని కొన్ని వారాలు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, సిమెంటు వల్ల పెరిగిన పీహెచ్ (క్షారగుణం) దిగేదాకా ఆగాలి.

చేపల వ్యర్థాలను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చే నైట్రోజన్ చక్రం గురించి ప్రతి చోటా చెబుతారు, నేను దాటేస్తాను. నన్ను ఏళ్లుగా పట్టుకుని వదలని విషయం వేరే ఉంది: ఇసుకలోకి ఆక్సిజన్ ఎలా వెళుతుంది?

దసరా ముందు రోజు పూర్ణా మార్కెట్‌లో ఒక సందు ఊహించుకోండి. క్యూ లేదు, ఎవరు ఎటు తోస్తే అటు కదలాలి. ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు, పక్కకొకటి. ఇలా కదిలే మనిషి పది అడుగుల దూరం చేరడానికి పట్టే సమయం కంటే ఇరవై అడుగులు చేరడానికి రెట్టింపు కాదు, నాలుగింతలు పడుతుంది. దూరం పదింతలైతే సమయం నూరింతలు. నిలిచిన నీటిలో అణువు కదలిక అచ్చం ఇదే. దీన్నే వ్యాపనం అంటారు. ఇంటర్‌లో దీనికి నిర్వచనం బట్టీ పట్టిస్తారు, సమయం దూరం వర్గంగా పెరుగుతుందన్న అసలు ముక్క మాత్రం పిల్లల బుర్రలోకి ఎక్కించరు. ఎక్కిస్తే చెట్టు ఆకు ఎందుకు పల్చగా ఉంటుందో, మన ఊపిరితిత్తుల గోడ ఎందుకంత సన్నమో వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు.

లెక్క వేద్దాం. సమయం = దూరం వర్గం ÷ (2 × వ్యాపన గుణకం). వ్యాపన గుణకం అంటే అణువులు ఎంత వేగంగా పరుచుకుంటాయో చెప్పే సంఖ్య; వెచ్చని నీటిలో ఆక్సిజన్‌కి అది సెకనుకు సుమారు 2 × 10⁻⁹ చదరపు మీటర్లు. 1 మిల్లీమీటరు దాటడానికి 4 నిమిషాలు. 1 సెంటీమీటరుకి 7 గంటలు. 10 సెంటీమీటర్లకి 29 రోజులు! ఇది ఉత్త నీటిలో. ఇసుక రేణువుల మధ్య దారి వంకరలు తిరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. దారి పొడుగునా బాక్టీరియా కూర్చుని వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్టే వాడేస్తుంటుంది. అందుకే సన్నటి ఇసుకలో మేత ముక్కలు, రెట్టలు పేరుకుంటే ఆక్సిజన్ కొన్ని మిల్లీమీటర్లు దిగేసరికే అయిపోతుంది.

ఆ కింద బతికే బాక్టీరియా ముందు నైట్రేట్‌ను వాడుకుని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది, ఇది మనకు లాభం. నైట్రేట్ కూడా అందని లోతులో సల్ఫేట్ మీద పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, వెచ్చని నీటిలో కరిగిన ఆక్సిజన్ 6.5 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. అంటే 400 రెట్ల తేడా. సల్ఫేట్‌కి కరువు అనే మాటే లేదు. అలా పుట్టేదే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన, గాజు పక్కన కనిపించే నల్లటి మచ్చలు. కదపకుండా వదిలేస్తే అది పైకి వచ్చే దారిలోనే ఆక్సిజన్ తగిలి సల్ఫేట్‌గా మారిపోతుంది. ప్రమాదం ఎవరైనా కలిపినప్పుడే.

పూర్ణా మార్కెట్ సందులో తాడు కట్టి క్యూ పెట్టారనుకోండి, అప్పుడు రెట్టింపు దూరానికి రెట్టింపు సమయమే. ట్యాంకులో ఆ క్యూ అంటే ప్రవాహం. ఇసుక రేణువు 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే, పైన పారే నీరు ఇసుక గుట్టల మీద ఒత్తిడి తేడాలు పుట్టించి కొంత నీటిని లోపలికి నెడుతుంది. పిండిలాంటి ఇసుకలో ఆ దారి మూసుకుపోతుంది. అందుకే రేణువు ఎంత సన్నమైతే పొర అంత పల్చగా ఉండాలి.

10, 15 సెంటీమీటర్ల లోతు ఇసుక వేసి నైట్రేట్ తగ్గించుకునేవాళ్లు ఉన్నారు, అది పని చేస్తుంది కూడా. అయినా విశాఖలో నేను 2, 3 సెంటీమీటర్లకు మించొద్దంటాను. ఇక్కడ ఎండాకాలం నీరు వేడెక్కితే కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, బాక్టీరియా ఆకలి మాత్రం పెరుగుతుంది. కరెంటు పోయి పంపు ఆగితే ఇసుకంతా చేపలతో పోటీపడి ఆ కాస్త ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊళ్లో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఇక్కడ ట్యాంకు పెట్టేవాళ్లు ఆ రోజులను లెక్కలో పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు రాళ్లు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న చదును రాయిని ఇసుక మీద పరిచారనుకోండి. ఇసుక మందం 2 సెంటీమీటర్లే, కానీ రాయి కింద నడిమధ్యనున్న ఇసుకకు పారే నీరు పక్కల నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మళ్లీ 29 రోజులు! పైకి పల్చగా కనిపించే ఇసుక అక్కడ లోతైన ఇసుకే. మందాన్ని స్కేలుతో కొలవడం కాదు, పారే నీటి నుంచి ఎంత దూరమో ఏ దిక్కునైనా చూడాలి. నేను చెప్పదలచుకున్నదల్లా ఇదే. కాబట్టి రాయి మూడు చోట్ల మాత్రమే ఆనాలి, మిగతా అడుగంతా గాలిలో, అంటే నీటిలో, తేలి ఉండాలి.

రాయి లోపలికీ ఇదే లెక్క. ఇన్ని లీటర్లకు ఇన్ని కిలోల రాయి అన్న పాత సూత్రం నాకు నచ్చదు, ఎందుకంటే బరువు కాదు, బాక్టీరియా ఉండే రంధ్రాలు పని చేస్తాయి. పెద్ద బండ ఒకటి పెట్టే బదులు చిన్న ముక్కలను సందులుంచి అతికిస్తే లోపలి ప్రతి బొరియా నీటికి దగ్గరవుతుంది. గాజుకి చుట్టూ చెయ్యి పట్టేంత ఎడం ఉంచండి.

రాళ్లు ముందు, ఇసుక తర్వాత. ఇసుక మీద రాయి పెడితే గోబీ చేప, దాంతో జంటగా ఉండే పిస్టల్ రొయ్య కింద తవ్వుకుంటూ పోతాయి, ఓ రాత్రి కుప్ప కూలుతుంది. కూలిందంటే కదపకూడని ఆ నల్ల ఇసుకంతా కదిలిపోతుంది. రాయి నేరుగా అడుగు గాజు మీద, లేదా పల్చటి ప్లాస్టిక్ జాలీ మీద నిలవాలి.

ట్యాంకు ఈశాన్యంలో పెట్టాలా అని కూడా చాలామంది అడుగుతుంటారు. 200 లీటర్ల ట్యాంకులో ఉప్పునీరే 205 కిలోలు, గాజు, స్టాండు, రాయి, ఇసుక కలిపితే 300 కిలోల దగ్గరకు వస్తుంది. అపార్ట్‌మెంట్లో చూడాల్సింది కింద బీమ్ ఎక్కడుందన్నది. దిక్కు సంగతి చేపలకు పట్టదు.

రాళ్లు అతికి గట్టిపడ్డాక ఇసుక వెంటనే పోసేయకండి. ఉప్పునీరు నింపి వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) వేసి, చిటికెడు మేత నలిపి వదలండి. రేణువులు ఎక్కడ పోగవుతున్నాయో చూడండి. అక్కడ ప్రవాహం లేదు. పంపు తిప్పండి, లేదా రాయి జరపండి, మళ్లీ వదలండి. ఏ మూలా పోగు పడని రోజున కడిగిన ఆరగొనైట్‌ను పీవీసీ గొట్టం లోంచి మెల్లగా అడుగుకు జార్చండి, రాళ్ల కాళ్ల చుట్టూ మాత్రం పల్చగా.