‘నా వల్ల అవుతుంది’కి ఎన్ని మార్కులు?

"రోజూ నడుస్తున్నారా అమ్మా?" అని డాక్టర్ అడిగిన ప్రతిసారీ, షుగర్ జబ్బున్న మా పిన్ని "నడుస్తున్నానండి" అనే చెబుతుంది. వైజాగ్‌లో నడవడానికి చోటుకేం తక్కువ, బీచ్‌రోడ్డంతా ఉంది. కానీ హెచ్‌బీఏ1సీ పరీక్షకి మొహమాటం ఉండదు. గత రెండు మూడు నెలల షుగర్ సగటు ఎంతో చెప్పేస్తుంది.

నడవాలని పిన్నికి తెలుసు. లేనిదల్లా ‘నా వల్ల అవుతుంది’ అనే నమ్మకం. దీన్ని విడిగా కొలవాలని 1977లో ప్రతిపాదించినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా. ఇది మనిషిలో ఉండే మొత్తం ధైర్యం కాదు, ఒక్కో పనికి ఒక్కోలా ఉంటుంది. ఇన్సులిన్ సూది తానే పొడుచుకునే మనిషి పెళ్లి పంక్తిలో రెండో బూరె వద్దనలేకపోవచ్చు. అందుకే ఒక్కో పని గురించి విడిగా అడిగి, సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయమంటారు.

అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. ‘నడుస్తారా?’ అంటే వచ్చేది మాట, ‘నడవగలరా?’ అంటే వచ్చేది అంచనా. ఈ తేడాకి మన భాషలో ఒక్క ‘గల’ చాలు. అదీ ఉత్తినే అడిగితే అందరూ తొంభై వేసుకుంటారు. అడ్డంకి చేర్చి అడగాలి. మే నెల ఉక్కపోతలో నడవగలరా? ఇంట్లో అత్తగారు మంచాన పడ్డ వారంలో? కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే మాత్రల సంగతి ముందే డాక్టర్‌ని అడగగలరా? కొన్ని మాత్రలు వేసుకుని పస్తుంటే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు మరి. తొంభై ఎక్కడ నలభై అయిందో, సాయం అక్కడ కావాలి.

ఈ నమ్మకాన్ని కొలవడానికి, షుగర్ ఉన్నవాళ్ల కోసం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో తయారైన ఎనిమిది ప్రశ్నల పట్టికలో మొదటిది, రోజూ నాలుగైదు గంటలకోసారి భోజనం చేయగలనన్న నమ్మకం మీకెంత అని. దాన్ని తెలుగులో పెట్టడం తేలికే. కానీ అందరికీ వడ్డించాక తినే ఇల్లాలు దానికి తక్కువ మార్కులు వేస్తే, అవి ఆమెకా, ఆ ఇంటికా? నన్నడిగితే ఇంటికే ఎక్కువ.

పిన్ని నడకకి ముప్పై వేసింది. అంత తక్కువేమిటని నర్సు అడగలేదు. "సున్నా ఎందుకు వేయలేదమ్మా?" అంది. పిన్ని కాసేపు ఆలోచించి, "పాల ప్యాకెట్‌కి రోజూ నడిచే వెళ్తాను కదా!" అంది. ఆ వారం నుంచి పాలకి వెళ్లినప్పుడు ఒక వీధి చుట్టి రమ్మన్నారు.