లంక మట్టి పుట్టిన రాతి వాలులు

గోదావరి వరద తీసిన తర్వాత కోనసీమ లంకల్లో మిగిలే మేటను పిసికి చూసిన రైతుకు దాని జిగురు బాగా తెలుసు. అదే నేల ఎండాకాలం వచ్చేసరికి పాదం ఇరుక్కునేంతగా నెర్రెలు విచ్చుతుంది. ఆ జిగురుకూ ఈ నెర్రెలకూ కారణమైన బంకమన్నులో చాలా భాగం డెల్టాలో పుట్టినది కాదు. వందల కిలోమీటర్ల ఎగువన, మహారాష్ట్రలోని మరాఠ్వాడాలోనూ అహల్యానగర్, నాసిక్ జిల్లాల్లోనూ, గడ్డి తప్ప పెద్దగా ఏదీ మొలవని రాతి వాలుల నుంచి అది దిగివచ్చింది. అంతర్వేది మొదలుకొని మన తీరం ఎందుకు కోసుకుపోతున్నదని అడిగినప్పుడు అందరమూ సముద్రం వైపు చూస్తాము. ఆ ప్రశ్నకు సగం జవాబు ఆ వాలుల మీదా, వాటి కింద కట్టిన జలాశయాల అడుగునా ఉందని నా నమ్మకం.

ఆ వాలుల రాయి మనకు కొత్తది కాదు. రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లోనూ దొరికే నల్లరాయి, అంటే బసాల్ట్, అదే జాతికి చెందినది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల ప్రాంతంలో నేల చీలి పొరలు పొరలుగా పొంగిన లావాలో కొన్ని ప్రవాహాలు అప్పటి నదీలోయల వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి ఇక్కడి తీరం దాకా వచ్చాయని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో వీటిని లెక్కిస్తారు. మన క్వారీల్లో రెండు లావా పొరల నడుమ గుల్లలతో నిండిన సున్నపురాయి కనిపిస్తుంది; లావా వచ్చిన కాలంలో ఇక్కడ సముద్రపు పాయ ఉండేదనడానికి అదే ఆనవాలు. డెల్టా ఒండ్రు కింద చాలా లోతున చమురు బావుల్లో తగిలిన ఇదే రాతి పొరకు రాజోలు పేరు పెట్టారు. ఇక్కడ ఆ రాయి ఒండ్రు కింద దాగి ఉంటే, ఎగువన సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర బయటపడి ఎండకూ వానకూ గురవుతున్నది.

ఎగువన ఉన్న ఈ లావా రాతి ప్రాంతాన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. ఆ పేరులోని ట్రాప్ అన్న మాటకు మూలం మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ పదం. గట్టి రాతి పొర నిట్టనిలువు అంచుగా నిలుస్తుంది, బుడగల గుంతలతో నిండిన మెత్తటి పొర అరిగి చదునైన మెట్టు అవుతుంది. ఈ మెట్ల అమరికే అక్కడి నేలల స్వభావాన్ని నిర్ణయించింది. పై అంచుల్లో జానెడు లోతు కూడా లేని మట్టి, అందులో సగానికి సగం రాతి ముక్కలు. ఆ కింద ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడిపోయే సగం మాగిన రాయి, అంటే మొరం. వాలు నడుమకు వచ్చేసరికి మట్టి మూరెడు లోతవుతుంది. లోయలో మాత్రం నిలువెత్తు నల్లరేగడి ఉంటుంది, అందులో సున్నపు గడ్డలు దొరుకుతాయి. ఒకే కొండ మీద అర కిలోమీటరు నడకలో ఈ మూడు నేలలూ ఎదురవుతాయి గనుక, పటంలో అంతటికీ ఒకే రంగు వేసి నల్లరేగడి ప్రాంతమని రాయడం ఆ కొండవాసుల కష్టాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

రాయి ఒకటే అయినా వాన మారితే మట్టి మారుతుంది. కనుమల శిఖరాల మీద కుండపోతగా కురిసే వాన కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కడిగేయడం వల్ల అక్కడ ఎర్రటి జేగురు నేలలు ఏర్పడ్డాయి. కనుమల చాటున, ఏడాదికి 500 నుంచి 700 మిల్లీమీటర్లు మాత్రమే కురిసే చోట, అవి మట్టిలోనే నిలిచిపోవడం వల్ల స్మెక్టైట్ జాతి బంకమన్ను ఏర్పడుతుంది. ఈ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. పోషకాలను పట్టి ఉంచే శక్తి దానికి ఎక్కువే, కాని నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. నలుపు రంగు చూసి ఎరువు నిండిన నేల అనుకోవడం పొరపాటు. నీటిని కూడా గట్టిగానే పట్టుకుంటుంది. అయితే జానెడు మట్టి ఎంత పట్టుకున్నా రెండు వారాలు వాన మొహం చాటేస్తే పైరు వాడిపోతుంది. అందుకే ఈ వాలులు తరతరాలుగా ధన్‌గర్ కాపరుల గొర్రెలకు మేతభూములుగా ఉన్నాయే తప్ప సేద్యానికి లొంగలేదు.

అక్కడి రాళ్లను అడ్డంకిగా చూడటం సహజమే గాని, ఆ కాస్త మట్టికి కాపలా అవే. పైన పరచుకున్న రాతి ముక్కలు చినుకుల దెబ్బను తాము తింటాయి, పారే నీటి వేగాన్ని తగ్గిస్తాయి, వాటి సందుల్లో గడ్డి వేరు నిలదొక్కుకుంటుంది. మేత మితిమీరి గడ్డి పలచబడిన చోట తొలకరి జల్లు ఎండిన పెళ్లల మీద పడగానే అవి విచ్చి పొడి అయిపోతాయి. ఆ పొడి ఎంత సన్ననిదంటే, ఒకసారి నీటిలో కలిసిన తర్వాత నదీముఖం దాకా అడుగుకు చేరకుండా తేలుతూ రాగలదు.

ఈ కోత ఎప్పటి నుంచి పెరిగిందో గోదావరి ముఖానికి ఎదురుగా బంగాళాఖాతం అడుగున నిలువుగా తొలిచి తీసిన మట్టి స్తంభం చెప్పింది. దాని పరిశీలన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. దాదాపు 4,000 ఏళ్ల కిందట వానలు తగ్గి ఎగువన పచ్చదనం పలచబడిన నాటి నుంచి బసాల్ట్ ప్రాంతపు మట్టి రాక పెరుగుతూ వచ్చిందనీ, గత రెండు వేల ఏళ్లలో మేట పడే వేగం దాదాపు మూడింతలైందనీ ఆ మట్టిలోని రసాయన గుర్తులు తెలిపాయి. గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్ వంటి తామ్రశిలాయుగపు పల్లెలు, ఆ తర్వాత ప్రతిష్ఠానపురం (నేటి పైఠణ్) రాజధానిగా సాతవాహనుల కాలపు సేద్యం విస్తరించిన ప్రాంతమే అది. మనం అన్నపూర్ణ అని పిలుచుకునే డెల్టా కొంతవరకు ఎగువ వారు పోగొట్టుకున్న మట్టితో పెరిగింది. ఈ మాట రాసేటప్పుడు మనసుకు కొంత కష్టంగానే ఉంది.

1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద కట్టించిన ఆనకట్ట నీటిని మళ్లించింది గాని, వరదలో వచ్చే బురదను పెద్దగా ఆపలేదు. కాలువల వెంట కొంత పొలాలకు చేరేది, మిగిలినది వశిష్ఠ, గౌతమి పాయల మీదుగా సముద్రానికి పోయేది. పరిస్థితి మారింది ఎగువన పెద్ద జలాశయాలు వచ్చాకే. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టే ఉపనది మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, నాలుగు దశాబ్దాల పూడికతో నిల్వ శక్తిలో సగానికి పైగా పోగొట్టుకోగా, 1970వ దశకంలో దాని ఎత్తు పెంచవలసి వచ్చింది. రాతి వాలుల నుంచి ఎంత మట్టి దిగుతుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు కనబడలేదు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు, 1976లో పైఠణ్ దగ్గర ప్రారంభమైన జాయక్‌వాడీ, ఇంకా ఉపనదుల మీది అనేక ఆనకట్టలు ఆ మట్టిని దారిలోనే పట్టేశాయి. 1971–79 మధ్య ఏడాదికి సగటున సుమారు 15 కోట్ల టన్నులుగా ఉన్న, నది మోసుకొచ్చే మట్టి 1990–98 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయినట్టు లెక్కలు చెబుతున్నాయి. 1976–2001 మధ్య కాలంలో డెల్టా తీరం వేసిన నేల కన్నా కోల్పోయిన నేలే ఎక్కువ. ఆ నికర నష్టం సుమారు 18 చదరపు కిలోమీటర్లు.

నష్టం మనది గనుక ఎగువ వాలుల మీద గట్లు, కందకాలు వేసి మట్టిని నిలుపుకోవద్దని అక్కడి వారికి చెప్పే హక్కు మనకు లేదు. జానెడు నేల కూడా లేనివారికి ప్రతి అంగుళమూ విలువైనదే. 2017 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ‘గాళ్‌ముక్త్ ధరణ్, గాళ్‌యుక్త్ శివార్’ పేరుతో, అంటే పూడిక లేని చెరువు, పూడిక చేరిన పొలం అనే లక్ష్యంతో, చిన్న జలాశయాల్లోని నల్లటి మేటను తవ్వి తీయిస్తున్నది. రైతులు ఆ మేటను ట్రాక్టర్లలో తీసుకుపోయి, మొరం తేలిన తమ మెట్ట చేలల్లో తిరిగి పరుచుకుంటున్నారు.