సెల్లం ఆకు చీలాలంటే ఎరువు కాదు, వెలుతురు కావాలి

నర్సరీల్లో సెల్లం అని అమ్మేది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఫిలోడెండ్రాన్ అనే అలంకరణ మొక్క. 2018లో దాన్ని తౌమటోఫిల్లమ్ ప్రజాతిలోకి మార్చారు గానీ, కడియం నర్సరీలకు వెళ్లి ఆ పేరుతో అడిగితే తెల్లమొహం వేస్తారు.

అపోహ: ఆకు చీలడం లేదంటే ఎరువు చాలలేదు.
వాస్తవం: లేత మొక్కకు వచ్చే ఆకులు తమలపాకుల్లా నిండుగానే ఉంటాయి. మొక్క ముదిరేకొద్దీ, వెలుతురు అందేకొద్దీ కొత్త ఆకుల్లో చీలికలు లోతుగా వస్తాయి. ఒకసారి విచ్చుకున్న ఆకు తర్వాత చీలదు, దానికోసం ఎదురుచూడకండి. చీకటి మూలలో పెడితే కాడలు సాగి వాలిపోతాయి. ఉదయం రెండు మూడు గంటల ఎండ పడే తూర్పు వరండా బాగా సరిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకు మాత్రం ఆకు మాడుతుంది. ఎరువంటారా, 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు, నెలకోసారి చాలు. మించితే ఆకు కొనలు ఎండుతాయి.

అపోహ: ఆకు పసుపు రంగుకు తిరిగితే నీళ్లు పోయాలి.
వాస్తవం: అడుగున ఒకటి రెండు ముదురాకులు పండితే అది మామూలే. వరసగా నాలుగైదు పండుతూ మట్టి తడిగా ఉంటే, కుండీ వంచి వేరు చూడండి. వేరును చేతివేళ్లతో లాగినప్పుడు పైతొడుగు ఊడొచ్చి లోపల దారం మిగిలితే కుళ్లినట్టే. కుళ్లిన వేర్లు కోసేసి, ఎర్రమట్టి 2 పాళ్లు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) 1, చివికిన పశువుల ఎరువు 1 కలిపి మళ్లీ నాటండి. ఆ తర్వాత పైన రెండంగుళాల మట్టి ఆరితేనే నీళ్లు. బంకమట్టి ముద్దతో తెచ్చిన మొక్కల్లో ఈ బెడద ఎక్కువ: చుట్టూ మట్టి ఆరినా ముద్ద తడిగానే ఉంటుంది. నాటేముందే అంచుల మట్టి రాల్చండి.

అపోహ: కాండం నుంచి దిగే ఊడలు కోసేయాలి.
వాస్తవం: ఆకు రాలినచోట కన్నులాంటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చల దగ్గరే ఊడలు పుడతాయి. బరువైన తలను నిలబెట్టేవి అవే. వాటిని కుండీ మట్టిలోకి మళ్లించండి.

అపోహ: గదిలో ఒక కుండీ పెడితే గాలి శుభ్రం.
వాస్తవం: ఈ మాటకు ఆధారంగా చూపే 1989 నాటి నాసా ప్రయోగం మూసిన పెట్టెల్లో జరిగింది, మామూలు గదిలో కాదు. కిటికీ తెరిస్తే అంతకన్నా లాభం.

అపోహ: అలంకరణ మొక్కే కదా, ప్రమాదం లేదు.
వాస్తవం: ఆకు, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ అనే లవణం సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. నమిలితే నోరు మండి వాస్తుంది. కుక్కలకూ పిల్లులకూ అంతే. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి.